ఆస్ట్రేలియా ఆదివాసి శిశువులు – సంరక్షణ చట్టముల చరిత్ర

శాసనమనగానే మన శాఖలోని అధ్యాపకులకును పరిశోధక విద్యార్థులకును ముందుగా రాతిపలకలును రాగిరేకులును స్మరణకు వచ్చును. ఈ వ్యాసమున మేము పరిశీలింప బూనినవి అట్టివి కావు. శాసనసభలలో వెలసిన చట్టములు. అయినను వానిని చదువుటకు మనకు పరిచితమైన పద్ధతియే చాలును. దానశాసనమున దాత యెవరు, ప్రతిగ్రహీత యెవరు, ఎల్లలెవ్వి అని యెట్లు విచారింతుమో, అట్లే ఇచ్చటను బిడ్డ యెవరి యధీనము, ఆ యధీనమును మార్చు నధికారము ఎవరిది, రుజువు చేయవలసిన భారము ఎవరిమీద నున్నది అని విచారింపవలెను. ఆస్ట్రేలియాలో నూటయేబది సంవత్సరములకు పైగా ఆదివాసి కుటుంబముల భాగ్యము ఈ మూడు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నది.

ఈ చరిత్రలో మొదట పేర్కొనదగినది విక్టోరియా వలసరాజ్యమున 1869లో వెలువడిన ఆదివాసి రక్షణ చట్టము. ఆదివాసులు ఎచ్చట నివసింపవలెను, కూలి ఎట్లు పుచ్చుకొనవలెను అను విషయములతోపాటు, వారి బిడ్డల పోషణము, అధీనము, విద్య అనువానిని గూర్చియు నిబంధనలు చేయు నధికారమును ఆ చట్టము ప్రభుత్వమునకు ఒసగెను. క్వీన్సులాండు చట్టము 1897 నాటిది. దాని పేరులోనే ఆదివాసుల రక్షణయు నల్లమందు విక్రయ నిరోధమును ఒక్క త్రాట కట్టబడియున్నవి. ఈ జంటను గూర్చి వ్యాఖ్య అనవసరము. 1905లో పశ్చిమ ఆస్ట్రేలియా మరియొక యడుగు ముందుకు వేసినది. పదునారేండ్లు నిండు వరకు ప్రతి ఆదివాసి శిశువునకును, నాటి చట్టభాషలో ‘హాఫ్‌కాస్టు’ అనబడిన మిశ్రమ సంతానమునకును, ప్రధాన రక్షకాధికారియే న్యాయసమ్మతమైన సంరక్షకుడని శాసించినది. 1911లో దక్షిణ ఆస్ట్రేలియా ఆ వయోపరిమితిని ఇరువదియొక్క యేండ్లకు పెంచి, తల్లిదండ్రులుగాని ఇతర బంధువులుగాని జీవించియున్నను ఈ నియమమునకు భంగము లేదని స్పష్టముగ పలికినది. పశ్చిమ ఆస్ట్రేలియా 1936లో అదే త్రోవ పట్టినది.

ఈ వాక్యమును నిదానించి చదువవలెను. సంరక్షకుడను మాట సామాన్యముగ తల్లిదండ్రులు లేని బిడ్డ విషయమున పుట్టునది. ఇచ్చట తల్లి బ్రతికియుండగనే, ఆమెపై ఏ నేరమును మోపకయే, బిడ్డ పుట్టిన క్షణమున ఒక యుద్యోగి సంరక్షకుడగుచున్నాడు. ఆ యుద్యోగి ఆ బిడ్డను ఎన్నడును చూచియుండడు. తల్లినుండి హక్కు తీసివేయబడినదని కూడ చెప్పుటకు వీలులేదు. ఆమెకు అది మొదటినుండియు లేనట్లే చట్టము భావించినది.

న్యూ సౌత్ వేల్సు చరిత్ర ఇంకను బోధప్రదముగ నున్నది. అచ్చటి 1909 నాటి చట్టము క్రింద ఆదివాసి బిడ్డను ఇంటినుండి తొలగింపవలెనన్నచో ఆ బిడ్డ నిర్లక్ష్యమునకు గురియైనదని న్యాయస్థానమున చూపవలసియుండెను. రక్షణ సంఘము వారికి ఇది కష్టముగ తోచినది. తగినంత ఆహారమును వస్త్రములును గలిగి తల్లియొడిలో ఆడుకొనుచున్న బిడ్డ నిర్లక్ష్యమునకు గురియైనదని న్యాయాధిపతిని ఒప్పించుట ఎట్లు? ఈ చిక్కును తొలగించుటకే 1915లో సవరణ చట్టము వచ్చినది. బిడ్డ యొక్క నైతిక క్షేమమునకుగాని శారీరక క్షేమమునకుగాని ఉపకరించునని సంఘమే విచారించి తృప్తి పడినచో, ఆ బిడ్డను పూర్తిగ తన యధీనమునకు తీసికొనవచ్చునని ఆ సవరణ చెప్పినది. తల్లిదండ్రులకు న్యాయస్థానమునకు పోవు హక్కు మిగిలినమాట నిజమే. కాని అది బిడ్డను తీసికొనిపోయిన పిమ్మట చేసికొనవలసిన అప్పీలు. పూర్వము సంఘము రుజువు చేయవలసియుండెను. ఇపుడు తల్లి రుజువు చేయవలెను. చదువురాని, బండి ఖర్చులకు కూడ చేత కాసులేని, పోలీసువానిని చూచి భయపడుట నేర్చిన తల్లి అప్పీలు చేయుననుట కాగితముమీది మాట. ఆనాటి సభలో మెక్‌గారీ అను సభ్యుడు దీనిని ఎదిరించి, ఇది తల్లిదండ్రులనుండి బిడ్డను దొంగిలించుటయే యని వాదించెను. సవరణ ఆగలేదు. దొంగిలించుట అను మాటను ఈ విషయమున వాడుట ఇటీవలి రాజకీయవాదుల కల్పన అని తలంచువారు ఈ 1915 చర్చను చదువవలెను.

తొలగింపబడిన బాలికలు కూటమండ్రాలోని శిక్షణాలయమునకును, బాలురు 1924 నుండి కించెలా గృహమునకును పంపబడుచుండిరి. బాలికలకు అచ్చట నేర్పిన విద్య ప్రధానముగ ఇంటిపని. ఆ పిమ్మట వారు శ్వేతజాతీయుల యిండ్లలో పనికత్తెలుగ నియమింపబడిరి. 1917లో తల్లినుండి వేరుచేయబడి కూటమండ్రాకు పోయిన మార్గరెట్ టకర్ తన కథను 1977లో గ్రంథముగ ప్రకటించినది. పశ్చిమమున మూర్ రివర్ సెటిల్‌మెంటునుండి 1931లో ముగ్గురు బాలికలు తప్పించుకొని, కుందేళ్ల కంచెను గుర్తుగ పట్టుకొని, సుమారు 1,600 కిలోమీటర్ల దూరమునగల జిగలాంగ్ త్రోవ పట్టిన వృత్తాంతమును, వారిలో ఒకతె కుమార్తెయగు డోరిస్ పిల్కింగ్టన్ 1996లో వ్రాసినది. దానినుండి వచ్చిన చలనచిత్రమును మన పాఠకులు కొందరు చూచియేయుందురు.

ఇట్టి ఆలోచన ఆస్ట్రేలియాకే పరిమితము కాదు. అదే సామ్రాజ్యమున, అదే దశకమున, మన దేశమున 1911 నాటి నేరస్థజాతుల చట్టము ఆ జాతుల బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి పాఠశాలలలో నుంచు నధికారమును స్థానిక ప్రభుత్వములకు ఇచ్చినది. బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీ వారి నిర్వహణమున ఎఱుకలవారి కొఱకు వెలసిన స్టూవర్టుపురము ఆ చట్టకాలపు స్మారకమే. రెండును ఒకటియని మేము చెప్పుటలేదు. ఇచ్చట పుట్టుకతో నేరమును, అచ్చట పుట్టుకతో రక్తమును లెక్కించిరి. కాని కుటుంబమే రోగము, వేరుచేయుటయే చికిత్స యను నిర్ణయము రెండింటను కలదు.

రక్తపు లెక్క 1937లో కాన్‌బెర్రా నగరమున జరిగిన అధికారుల సమావేశమున బహిరంగముగ తేలినది. పూర్ణరక్తులు కాని ఆదివాసుల భవితవ్యము శ్వేతజనములో లీనమగుటయే యని ఆ సమావేశము తీర్మానించినది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1915 నుండి రక్షకాధికారిగ నుండిన ఏ. ఓ. నెవిల్ ఈ వాదమునకు ముఖ్య ప్రవక్త. మరుసటి యేట, 1938 జనవరి 26వ తేదీన, వలస స్థాపన జరిగి నూటయేబదియేండ్లు నిండినవని సిడ్నీ నగరము ఉత్సవము చేసికొనుచుండగా, విలియం ఫెర్గుసన్, జాక్ పాటెన్ ప్రభృతుల నాయకత్వమున ఆదివాసులు అదే నగరమున సంతాపదినము జరిపిరి.

ద్వితీయ ప్రపంచ యుద్ధమునకు ఇటునటు ప్రత్యేక చట్టముల స్థానమున సామాన్య శిశుసంక్షేమ చట్టములు క్రమముగ ప్రవేశించినవి. న్యూ సౌత్ వేల్సులో 1940 నుండి ఆదివాసి బిడ్డ విషయమునను నిర్లక్ష్యమును న్యాయస్థానమున చూపవలసివచ్చినది. ఇది న్యాయమునకు దగ్గరి మార్పువలె కనిపించును. కాని నిర్లక్ష్యమను పదమునకు కొలబద్ద యేది? ప్రత్యేకముగ పడకగది లేకుండుట, ఇంట చాలమంది నిద్రించుట, తల్లి ఊరు విడిచి బంధువుల యొద్దకు పోవుట, బిడ్డ ఒక ఇంట ఒకనాడును మరియొక ఇంట మరియొకనాడును భుజించుట – వీనిలో కొన్ని దారిద్ర్య లక్షణములు, కొన్ని బంధుత్వ లక్షణములు. నిర్లక్ష్య లక్షణమని చెప్పదగినది వీనిలో ఒక్కటియు లేదు. చట్టము జాతిని పేర్కొనుట మానినను పదమునకు అర్థము చెప్పువారు మారలేదు.

చట్టము ఇట్లుండగా, చట్టమును కూడ మీరిన సందర్భములు లేకపోలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో 1957 క్రిస్మస్ నాడు కూరాంగ్ ప్రాంతపు ఆదివాసి యొకడు, పదుమూడు మాసముల తన కుమారుడు కడుపునొప్పితో బాధపడగా, పొరుగువారిచే అడిలెయిడ్ శిశువైద్యశాలకు పంపెను. ఆ బిడ్డ పేరు బ్రూస్ ట్రెవొరో. బిడ్డ కోలుకొనెను, కాని కొలది దినములలోనే తల్లిదండ్రులకు తెలియకుండ ఒక శ్వేత కుటుంబమునకు పెంపకమునకు ఈయబడెను. తల్లి తన బిడ్డ ఎట్లున్నాడని, ఇంటికి ఎపుడు వచ్చునని లేఖ వ్రాసినది. బిడ్డ కోలుకొనుచున్నాడు గాని వైద్యులకు ఇంకను వానితో పని యున్నదని అధికారులు ప్రత్యుత్తరమిచ్చిరి. అప్పటికి ఆ బిడ్డ వైద్యశాలలో లేడు. ఇట్లు బిడ్డలను తొలగించుటకు తమకు అధికారము లేదని ప్రభుత్వ న్యాయవాది యిచ్చిన సలహా ఆ శాఖవారియొద్ద ముందే యుండెను. సుమారు పదియేండ్ల ప్రాయమున వానిని తల్లికి తిరిగి చేర్చిరి. తండ్రి అంతకు మునుపే మరణించెను. తల్లికిని బిడ్డకును నడుమ ముడివేయుటకు ఏమియు మిగులలేదు. 2007 ఆగస్టులో న్యాయమూర్తి థామస్ గ్రే, రాష్ట్రమే దోషియని తీర్పు చెప్పి, 525,000 డాలర్ల పరిహారము విధించెను. 2010లో అప్పీలును విఫలమైనది. ఆ తీర్పు వచ్చునప్పటికి ట్రెవొరో లేడు, 2008లోనే మరణించెను.

ఈ వ్యాజ్యము గెలుచుటకు కారణమేమి? అధికారులు చట్టమును మీరుట. చట్టమును మీరక, చట్టము ఇచ్చిన అధికారముతోనే బిడ్డలను తీసికొన్న చోట న్యాయస్థానములు సహాయపడలేదు. ఉత్తర ప్రాంతపు 1918 ఆర్డినెన్సు చెల్లదను వాదమును 1997లో హైకోర్టు క్రూగర్ వ్యాజ్యమున త్రోసిపుచ్చెను. అదే ప్రాంతమునుండి వచ్చిన క్యుబిల్లో వ్యాజ్యము 2000లో ఓడిపోయినది. కాన గతమునకు పరిహారము న్యాయస్థానమున లభించుట అపూర్వమనియు, భవిష్యత్తునకు రక్షణ చట్టరూపముననే రావలెననియు మాకు తోచుచున్నది.

ఇచ్చట బంధుత్వమును గూర్చి కొంత విస్తరించి చెప్పుట యుక్తము. ఇది తెలుగు పాఠకునకు ఆంగ్ల పాఠకునకంటె సులభముగ బోధపడు విషయము. ఆస్ట్రేలియా ఆదిమజాతులు పెక్కింటిలో తల్లి యొక్క సోదరియు తల్లియే. తండ్రి యొక్క సోదరుడును తండ్రియే. మేనమామ, మేనత్త వేరు వర్గము. మన పెదతల్లి, పినతల్లి, పెదతండ్రి, పినతండ్రి అను మాటలలో తల్లి, తండ్రి శబ్దములు స్పష్టముగనే నిలిచియున్నవి. మేనవారికి ఆ శబ్దము లేదు. అమెరికా పండితుడు లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రకటించిన బంధుత్వ పట్టికలలో తమిళ కన్నడములతో పాటు తెలుగు బంధువాచకములును చేరియున్నవి. ఆయనకు ఆస్ట్రేలియానుండి సామగ్రి పంపిన లోరిమర్ ఫైసన్, హోవిట్‌తో కూడి 1880లో కమిలరాయ్, కుర్నాయ్ జాతులను గూర్చిన గ్రంథమును వెలువరించెను. మోర్గన్ పరిణామ సిద్ధాంతమును నేటి మానవశాస్త్రజ్ఞులు అంగీకరింపరు. రెండు ఖండముల బంధుత్వములకును చారిత్రక సంబంధము కలదని చెప్పుటకును మేము సాహసింపము. పోలిక మాత్రము నిజము. తల్లి ఊర లేనప్పుడు బిడ్డ పినతల్లి యింట నుండుట మనకు నిర్లక్ష్యముగ తోచదు. ఆంగ్ల శిశుసంక్షేమ చట్టమునకు ఒక తల్లియే తెలియును. ఆ యొక్కతె కనబడనిచో బిడ్డ అనాథ. నలుగురు తల్లులు గల బిడ్డను అనాథగ పరిగణించిన చట్టము, కనులెదుట నున్న సమాజమును చదువలేని చట్టమని చెప్పవలెను.

1967 మే 27వ తేదీ ప్రజాభిప్రాయ సేకరణమున నూటికి తొంబదిమందికి పైగా ఓటర్లు సమ్మతింపగా, ఆదివాసులను గూర్చి చట్టములు చేయు నధికారము కేంద్ర పార్లమెంటునకు వచ్చినది. న్యూ సౌత్ వేల్సు సంక్షేమ సంఘము 1969లో రద్దయ్యెను. ఐనను బిడ్డల తొలగింపు ఆగలేదు; సామాన్య చట్టముల క్రింద కొనసాగెను. ఆ కాలమున ఆదివాసుల న్యాయసహాయ సంస్థలకు తెలిసివచ్చినదేమనగా, నేరవిచారణకు వచ్చు యువకులలో అనేకులు శ్వేత కుటుంబములలోను ఆశ్రమములలోను పెరిగినవారు. 1970ల ద్వితీయార్ధమున మోలీ డయ్యర్ ప్రభృతుల కృషివలన విక్టోరియాలో ఆదివాసి శిశుసంరక్షణ సంస్థ వెలసెను. వీరికి అమెరికా ఆదిమజాతుల అనుభవము మార్గదర్శకమైనది. ఆ దేశమున జరిగిన పరిశీలనలలో ఇండియను బిడ్డలలో నూటికి ఇరువదియైదు మొదలు ముప్పదియైదు మంది కుటుంబములనుండి వేరైరని తేలగా, 1978లో ఇండియను శిశుసంక్షేమ చట్టము వచ్చినది. దానిని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 2023లో మరల సమర్థించెను. అమెరికా చట్టమునందలి బలము, జాతికి న్యాయాధికారమును గుర్తించుట. ఆస్ట్రేలియా వారు స్థాననిర్ణయపు వరుసను స్వీకరించిరి గాని ఆ బలమును స్వీకరింపలేదు. తరువాతి కష్టములు పెక్కు ఈ లోపమునుండియే పుట్టినవని మా యభిప్రాయము.

ఆ వరుసను ఆస్ట్రేలియాలో ‘ఆదివాసి శిశు స్థాననియమము’ అందురు. బిడ్డను ఇంటినుండి తొలగింపక తప్పనిచో మొదట విస్తృత కుటుంబమున, అది కుదరనిచో తన సమాజమున, అదియు కుదరనిచో ఇతర ఆదివాసి కుటుంబమున ఉంచవలెనని దాని సారము. దీనిని మొదట చట్టమున చేర్చినది ఉత్తర ప్రాంతము, 1983లో. ఆదివాసుల ఆచారధర్మము ననుసరించి బిడ్డతో సరియైన బంధుత్వము గల వ్యక్తి యను భావము ఆ చట్టములో కలదు. చట్టము ఆదివాసి వ్యాకరణమును అంగీకరించిన తొలి సందర్భములలో ఇదియొకటి. 1986లో చట్టసంస్కరణ సంఘము తన నివేదికలో ఈ నియమమును చట్టబద్ధము చేయవలెనని చెప్పినది. న్యూ సౌత్ వేల్సు 1987లో అంగీకరించెను. తక్కిన రాష్ట్రములు ఒకటొకటిగ చేరినవి. పశ్చిమ ఆస్ట్రేలియా 2004 వరకు ఆలస్యము చేసినది.

ఇంతలో గతము కూడ బయటపడుచుండెను. చరిత్రకారుడు పీటర్ రీడ్ 1980ల ఆరంభమున వ్రాసిన చిన్నపుస్తకమునుండియే ‘దొంగిలింపబడిన తరములు’ అను మాట వ్యాప్తిలోనికి వచ్చినది. ఆయనయు కోరల్ ఎడ్వర్డ్సును 1980లో స్థాపించిన లింక్‌అప్ సంస్థ వేరైనవారిని కుటుంబములతో కలుపుటకు పూనుకొన్నది. 1997 మే 26వ తేదీన పార్లమెంటునకు సమర్పింపబడిన మానవహక్కుల సంఘ నివేదిక, రొనాల్డు విల్సన్, మిక్ డాడ్సన్‌ల నేతృత్వమున 535 మంది వాఙ్మూలములు గ్రహించి, 1910, 1970 సంవత్సరముల నడుమ ఆదివాసి బిడ్డలలో పదిమందికి ఒకడు మొదలు ముగ్గురికి ఒకడు వరకు తొలగింపబడిరని నిర్ణయించెను. ఈ సంఖ్యలపై వివాదము తీవ్రముగనే జరిగినది. రాబర్టు మాన్ 2001లో ఇరువదివేలనుండి ఇరువదియైదువేల వరకని లెక్కగట్టెను. కీత్ విండ్‌షటిల్ 2009లో మొత్తము వాదమునే నిరాకరించెను. సంఖ్యను గూర్చి భిన్నాభిప్రాయమునకు చోటు కలదు. కాని 1905, 1911, 1915 చట్టముల అక్షరములను గూర్చి భిన్నాభిప్రాయమునకు చోటులేదు. అవి ముద్రితములై యున్నవి.

2008 ఫిబ్రవరి 13వ తేదీన ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటున క్షమాపణ చెప్పెను. నివేదిక కోరిన జాతీయ ప్రమాణ చట్టము మాత్రము రాలేదు. 1997లో ఇంటివెలుపలి సంరక్షణముననున్న బిడ్డలలో ఐదుగురికి ఒకరు ఆదివాసి. 2023 నాటికి నూటికి నలువదిమందికి పైగా ఆదివాసులు; దేశపు బిడ్డలలో వారి పాలు నూటికి ఆరు మాత్రమే. నియమము ప్రతి రాష్ట్రమున నుండగా ఈ పెరుగుదల యేల? విమర్శకులు కొందరు నియమమే బిడ్డలను అపాయమున నుంచునని వాదింతురు. హింసకు గురియగు బిడ్డను కాపాడవలదని ఆ నియమము ఎన్నడును చెప్పలేదు కాన ఈ విమర్శ లక్ష్యమును తప్పినది. అసలు కారణము మరియొకటి. నియమమును ఒక వరుసగ మాత్రమే చదివిరి. బిడ్డను తొలగించిన పిమ్మట ఎచ్చట నుంచవలెనను ప్రశ్నకు అది సమాధానము. తొలగింపవలెనా యను ప్రశ్నను అది తాకలేదు. ఆదివాసి శిశుసంస్థల జాతీయ సమాఖ్య ఈ లోపమును గుర్తించి నియమమునకు ఐదు అంగములు చెప్పినది: తొలగింపును ముందే నివారించుట, సమాజముతో భాగస్వామ్యము, స్థాననిర్ణయము, నిర్ణయములలో కుటుంబమునకు పాలు, సంస్కృతితో సంబంధము. క్వీన్సులాండు 2017 సవరణమున ఈ ఐదింటిని చట్టములో చేర్చినది. అదే యేట విక్టోరియాలో, 2005 చట్టమునందలి పదునెనిమిదవ విభాగము క్రింద, న్యాయస్థానపు ఉత్తరువు గల ఆదివాసి బిడ్డల బాధ్యత మొట్టమొదట ఆదివాసి సంస్థకే అప్పగింపబడెను. 1915లో సంఘము తానే విచారించి తృప్తి పడిన స్థానమున ఇపుడు ఎవరు కూర్చుండిరో గమనింపుడు. సంస్థ యొక్కటి మారుటచే దారిద్ర్యము పోదు. ఇండ్లును వైద్యమును లేనిచోట ఆదివాసి ఉద్యోగియు అదే కాగితముమీద సంతకము చేయవలసివచ్చును. 2020 జాతీయ ఒడంబడిక ఈ అసమానతను 2031 నాటికి నూటికి నలువదియైదు పాళ్లు తగ్గింపవలెనని లక్ష్యము నిర్ణయించియున్నది.

చివరకు ఒక చట్టమును పేర్కొందుము. టోరెస్ జలసంధి ద్వీపవాసులలో ఒక కుటుంబము తన బిడ్డను బంధువులకు శాశ్వతముగ ఇచ్చు ఆచారము తరతరములనుండి కలదు. దీనిని వారు కుపాయ్ ఒమాస్కర్ అందురు. మన దత్తత వంటిదే యని చెప్పవచ్చును గాని, దత్తతకు మన ధర్మశాస్త్రముల ఆధారము లభింపగా, వారి యాచారమునకు ఆంగ్ల చట్టమున స్థానమే లేకపోయెను. పెంచిన తల్లిదండ్రులు పాఠశాలయందును, పాస్‌పోర్టు కార్యాలయమునందును, జనన పత్రములో తమ పేరు లేక చిక్కుపడుచుండిరి. 2020లో క్వీన్సులాండు శాసనసభ ఆ యాచారమును గుర్తించు చట్టము చేసినది. దాని పేరు ద్వీపవాసుల భాషలోనే కలదు: మెరిబా ఒమాస్కర్ కజివ్ కజిపా, అనగా మా బిడ్డల బిడ్డల కొఱకు. కన్నవారును పెంచినవారును సమ్మతించి దరఖాస్తు చేసినచో, దానికై నియమింపబడిన కమిషనరు విచారించి ఉత్తరువిచ్చును. ఆ మీదట జనన పత్రము పెంచినవారి పేర మారును.